షట్టర్ టీవీకి మళ్లీ ప్రాణం.. కానీ ముందు ప్లగ్ పెట్టకండి!

ఫోన్ ఆన్ కాకపోతే మనం చేసే మొదటి పని ఏంటి? చార్జర్ పెట్టడం. ల్యాప్‌టాప్ మొరాయిస్తే? రీస్టార్ట్ కొట్టడం. ఏ వస్తువైనా సరే, ముందు కరెంటు ఇచ్చి చూడటం మనకు అలవాటైపోయింది. కానీ మీ ఇంట్లో ఏ అటక మీదో, మెట్ల కిందో తాతల నాటి వాల్వుల టీవీ ఉంటే మాత్రం ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. ముప్పై, నలభై ఏళ్లు మూలన పడున్న టీవీకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇచ్చామంటే, బతికే అవకాశం ఉన్నదాన్ని చేతులారా చంపుకున్నట్టే. రోజంతా కోడ్‌లో బగ్స్ వెతికే నాకు ఈ సంగతి నేర్పింది ఓ పాత టీవీ, దాన్ని బాగుచేసిన ఓ పెద్దాయన.

ఆ పెట్టెలో ఏముంటుంది?

మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయ్యాయి. మన దగ్గరికి రావడానికి చాలా టైం పట్టింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం నుంచి నేరుగా కార్యక్రమాలు అందాయి. ఆ పల్లెల కోసం టీవీలు తయారు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక నగరంలో ఇళ్ల మీద యాంటెన్నాలు లేవడం మొదలైంది. చెక్క క్యాబినెట్, పక్కలకు జరిగే షట్టర్ తలుపులు, నాలుగు కాళ్లు.. అదీ అప్పటి టీవీ. తలుపులకు తాళం కూడా! పిల్లలు ఇష్టమొచ్చినట్టు పెట్టకుండా అన్నమాట. ఇప్పటి స్క్రీన్ లాక్‌కి తాతయ్య లాంటిది.

ఆ రోజుల్లో మన దేశంలో తయారైన సెట్లలో చాలావరకు హైబ్రిడ్లే. స్టేషన్ సిగ్నల్‌ని పట్టుకునే పనిని ట్రాన్సిస్టర్లు చూసుకుంటే, ఎక్కువ వోల్టేజీతో చేసే బరువు పనులు వాల్వులు చూసుకునేవి. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు గొట్టం. లోపల చిన్న హీటర్ ఉంటుంది. అది వేడెక్కితే దాని చుట్టూ ఉన్న క్యాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొచ్చి ఎదురుగా ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో ఉండే గ్రిడ్ ఆ పరుగును ఆపుతుంది, వదులుతుంది. ఇంటి నీళ్ల కుళాయి లాంటిదే. ఇప్పుడు మీ ఫోన్ చిప్‌లో కోట్లాది ట్రాన్సిస్టర్లు చేసే పని ఇదే. అప్పట్లో ఒక్కో కుళాయి మన బొటనవేలంత ఉండేది, అంతే తేడా.

బొమ్మ చూపించే పిక్చర్ ట్యూబ్ కూడా పెద్ద సైజు వాల్వే. వెనక మెడలో ఉన్న గన్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ధార తెర లోపలి పూతను తాకితే అక్కడ వెలుగు పుడుతుంది. ఆ ధార తెర మీద అడ్డగీతలు గీస్తూ పోతుంది. మన పద్ధతిలో బొమ్మకి 625 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అంటే సెకనుకి 15,625 గీతలు. పాత టీవీ పెట్టగానే సన్నగా 'కీ' మని ఓ ఈల వినిపించేది చూశారూ.. అది ఈ లెక్క తాలూకు చప్పుడే. రిపేరులో ఆ ఈల ఎంత ముఖ్యమో కాసేపట్లో చెబుతా.

షూ ర్యాకా? టీవీయా?

సికింద్రాబాద్‌లోని మా పాత ఇంటిని ఈమధ్య బిల్డర్‌కి ఇచ్చాం. ఇల్లు ఖాళీ చేయడానికి రెండు నెలలు టైం. హాల్లో మూలన మా తాత 1979లో కొన్న 20 అంగుళాల షట్టర్ టీవీ ఉంది. పాత సామాన్లాయన రెండొందలు ఇస్తానన్నాడు. కొత్త ఫ్లాట్ ఇంటీరియర్ చేసే అమ్మాయి ఇంకో ఐడియా ఇచ్చింది. లోపలి సామానంతా పీకేసి, షట్టర్ అలాగే ఉంచి షూ ర్యాక్ చేద్దామంది. చూడటానికి బాగానే ఉంటుంది కూడా. మా నాయనమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"పానం ఉందో లేదో చూడకుండనే కోస్తరా?"

ఆ మాటకి జవాబు చెప్పాలంటే తెలిసినవాళ్లు కావాలి. ముషీరాబాద్‌లో నలభై ఏళ్లు టీవీలు, రేడియోలు బాగుచేసి ఇప్పుడు షాపు మూసే పనిలో ఉన్న పెద్దాయన ఒకరున్నారు. బస్తీలో అందరికీ ఆయన కాకానే. వచ్చి, టీవీ చుట్టూ ఒకసారి తిరిగి, ముందుగా చేసిన పని.. ప్లగ్ వైరును చుట్టచుట్టి తన జేబులో పెట్టుకోవడం!

"కరెంటు ఆఖరికి బిడ్డా. ముందుగాల కండ్లతోని చూడాలె, తర్వాత మీటరుతోని చూడాలె. గప్పుడు స్విచ్చు."

పది రూపాయల కండెన్సర్ చేసే పని

ఎందుకలా? పాత టీవీ చెడిపోయిందంటే మనం వాల్వుల్నే అనుమానిస్తాం. నిజానికి వాల్వులు గట్టివి. పెట్టెలో పడున్నంత మాత్రాన పాడవవు. అసలు దొంగలు కెపాసిటర్లు. మెకానిక్‌ల భాషలో కండెన్సర్లు.

అందులో రెండు రకాలు చూడాలి. ఒకటి ఎలక్ట్రోలిటిక్. రెండు అల్యూమినియం రేకుల మధ్య తడి ద్రావణంతో ఉన్న కాగితం ఉంటుంది. రేకు మీద ఉండే పల్చటి ఆక్సైడ్ పొరే కరెంటు లీక్ కాకుండా ఆపుతుంది. ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే ఆ పొర బలహీనపడుతుంది. అప్పుడు ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే లోపల కరెంటు పారి, వేడెక్కి, ఆవిరి పుట్టి పగిలిపోతుంది. రెండోది పేపర్ కండెన్సర్. కాలం గడిచేకొద్దీ దాంట్లోకి తేమ చేరుతుంది. ఆపాల్సిన డీసీ వోల్టేజీని ఆపలేక కొద్దికొద్దిగా వదిలేస్తుంది.

ఆ కొద్ది లీకు ఏం చేస్తుందంటే.. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి చేరి కుళాయిని పూర్తిగా తెరిచేస్తుంది. వాల్వు అదుపు లేకుండా కరెంటు లాగుతుంది. దాని ప్లేటు ఎర్రగా కాలుతుంది. ఆ కరెంటంతా పోయేది ఎల్‌ఓటీ, అంటే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా. అది కూడా కాలుతుంది. కండెన్సర్ పది రూపాయలకి దొరుకుతుంది. అదే మోడల్ ఎల్‌ఓటీ మాత్రం దేశమంతా తిరిగినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ముందు ప్లగ్ పెట్టొద్దనడానికి కారణం ఇదే. మొదటి ముప్పై సెకన్లలోనే రిపేరు కాస్తా అసాధ్యం అయిపోవచ్చు.

అందుకే మొదటి వీకెండ్ అంతా స్విచ్ జోలికే పోలేదు. వెనక అట్ట తీశాం. బల్లి గుడ్లు, బొద్దింకల పొట్టు, వేలు మందాన దుమ్ము. మెత్తటి బ్రష్, చిన్న బ్లోయర్‌తో శుభ్రం చేశాం. వాల్వుల్ని మాత్రం గుడ్డతో తుడవనివ్వలేదు కాకా. వాటి మీద అచ్చేసిన నంబరు ఒక్క తుడుపుకే చెరిగిపోతుంది. నంబరు పోతే ఏది ఏదో తెలీదు. ప్రతి జాయింటును ఫోన్‌తో ఫొటో తీశా. అట్ట లోపల అంటించిన సర్క్యూట్ కాగితాన్ని పురుగు సగం తినేసింది. మిగతా సగాన్ని కాకా గుర్తున్నంత మేర చెబుతుంటే నేను గీసుకున్నా.

తర్వాత పేపర్ కండెన్సర్లు, ఎలక్ట్రోలిటిక్‌లు ఒక్కొక్కటిగా మార్చాం. ఒకటి మార్చడం, ఫొటోతో సరిచూసుకోవడం, ఇంకోటి మార్చడం. అన్నీ ఒకేసారి పీకి అన్నీ ఒకేసారి పెట్టకూడదు. ఏదైనా తేడా వస్తే ఎక్కడొచ్చిందో తెలియాలి కదా! ఆఫీసులో చిన్న చిన్న కమిట్లు చేయమని టీమ్ లీడ్ ఎందుకంటాడో ఇక్కడ ఇంకా బాగా అర్థమైంది.

ప్రాణాల మీదికి తెచ్చుకోకండి

ఇక్కడో గట్టి హెచ్చరిక. ఇలాంటి చాలా టీవీల్లో మెయిన్స్‌కీ లోపలి ఇనుప చట్రానికీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. కరెంటు తీగ ఒకటి నేరుగా చట్రానికే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్‌ని తిప్పి పెడితే ఫేజ్ వచ్చి చట్రం మీదే కూర్చుంటుంది. ముట్టుకుంటే అంతే! అందుకే బల్ల మీద పని చేసేటప్పుడు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

రెండోది పిక్చర్ ట్యూబ్. పని చేసేటప్పుడు దాని లోపల 15 వేల వోల్టులకు పైనే ఉండొచ్చు. స్విచ్ తీసేశాక కూడా ఆ గాజు బుర్ర పెద్ద కండెన్సర్‌లా ఛార్జిని దాచుకుంటుంది. ట్యూబు బయటి నల్ల పూతకి ఎర్త్‌గా ఉండే తీగకు కలిపిన స్క్రూడ్రైవర్‌ని రబ్బరు టోపీ కిందికి జార్చి ఆ ఛార్జిని వదిలించాలి. కాసేపాగి మళ్లీ వదిలించాలి. ఎందుకంటే కొంత ఛార్జి తిరిగి తేలుతుంది. ట్యూబుని మెడ పట్టుకుని ఎత్తకూడదు. అక్కడ విరిగితే బయటి గాలి ఒత్తిడికి గాజంతా లోపలికి కుప్పకూలి ముక్కలు ముక్కలై ఎగురుతుంది. ఈ పనులేవీ వీడియో చూసి ఒంటరిగా చేసేవి కావు. తెలిసినవాళ్లు పక్కన ఉండాల్సిందే. కరెంటు ఉన్నప్పుడు కాకా ఒక చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుందని ఆయన లెక్క.

వినాయక చవితి లైట్ల లెక్క

వాల్వుల మీద పీఎల్ 504, పీసీఎల్ 805 లాంటి పేర్లుంటాయి. అవి ఊరికే పెట్టిన నంబర్లు కావు. మొదటి అక్షరం 'పీ' అంటే హీటర్ 300 మిల్లీ యాంపుల కరెంటుతో నడుస్తుందని. 'సీ' అంటే ట్రయోడ్. 'ఎల్' అంటే పవర్ పెంటోడ్. పేరు చూస్తే పని తెలుస్తుంది. మనం కోడ్‌లో వేరియబుల్స్‌కి పెట్టే పేర్లు ఇంత బాగుంటే ఎంత బాగుండు!

అందరి హీటర్ కరెంటూ ఒకటే కావడంతో వాటన్నింటినీ దండలా ఒకదాని వెనక ఒకటి కలిపేశారు. పీఎల్ 504కి 27 వోల్టులు, పీవై 88కి 30, పిక్చర్ ట్యూబ్‌కి 6.3.. ఇలా ఎవరి వాటా వాళ్లు తీసుకోగా మిగిలిన వోల్టేజీని ఓ పెద్ద వైరు రెసిస్టర్ మింగేస్తుంది. వినాయక చవితికి మండపంలో వేసే సీరియల్ లైట్లు తెలుసుగా? ఒక బల్బు పోతే దండంతా ఆరిపోతుంది. ఇక్కడా అంతే. మీటరుతో చూస్తే మా దండ తెగే ఉంది. ఒక్కో వాల్వు ఊడదీసి హీటర్ పిన్నుల మధ్య చూస్తే, సౌండ్ ఇచ్చే పీసీఎల్ 86 దొరికిపోయింది. కోఠీ గుజరాతీ గల్లీలో నాలుగైదు షాపులు తిరిగితే ఒక చోట పాత డబ్బాలో దొరికింది. దాని అట్టపెట్టె కూడా తెరవలేదు!

ఇక స్విచ్. అది కూడా నేరుగా కాదు. సిరీస్ బోర్డులో 200 వాట్ల పాత బల్బు పెట్టి, దాని గుండా టీవీకి కరెంటు ఇచ్చాం. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉండిపోతుంది, టీవీకి దెబ్బ తగలదు. మా బల్బు మొదట బాగా వెలిగి, హీటర్లు వేడెక్కేకొద్దీ మసకబారింది. వాల్వుల్లో నారింజ రంగు వెలుగు. స్పీకర్లో 'సుయ్'మని శబ్దం. నాయనమ్మ వంటింట్లోంచి కేకేసింది, "ఏందిరా, పాము దూరిందా?" అని.

తెరే చెబుతుంది

శబ్దం ఉంది, తెర మాత్రం నల్లగా ఉంది. ఇందాక చెప్పిన ఈల? లేదు. ఈల లేదంటే లైన్ విభాగం పని చేయట్లేదన్నమాట. తెరకి కావాల్సిన వేల వోల్టులు తయారయ్యేది అక్కడే. కాబట్టి పిక్చర్ ట్యూబ్‌ని అనుమానించే పనే లేదు.

పీఎల్ 504 గ్రిడ్ దగ్గర మైనస్ 50 వోల్టుల దాకా ఉంది. అంటే వెనకున్న ఆసిలేటర్ బతికే ఉంది. ఇక బూస్ట్ లైన్. 250 వోల్టుల సరఫరాకి ఎల్‌ఓటీ తన వంతు కలిపి పెంచే చోటది. అక్కడ 800 పైన రావాలి. వచ్చింది సరఫరా కన్నా కాస్త ఎక్కువ, అంతే. దండంలా అడ్డుపడ్డది బూస్ట్ కండెన్సరేనని కాకా తేల్చేశారు. అది మైకా రకంలా కనిపించడంతో మొదటి విడతలో మార్చలేదు. తీసి మీటరుతో చూస్తే విలువ సరిగ్గానే చూపించింది! "మీటరు ఇచ్చేది మూడు వోల్టులు. దానికి పడేది ఎనిమిదొందలు. చిన్న బరువుకి ఎవరైనా నిలబడ్తరు" అన్నారు కాకా. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్‌లో పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్. ఎక్కువ వోల్టేజీకి తట్టుకునే కొత్తది వేయగానే సన్నగా 'కీ' మని ఈల. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పీఎల్ 504 నెత్తి మీద ఉండే టోపీ దగ్గర మామూలు మీటరు ఎప్పుడూ పెట్టొద్దు. అక్కడ వేల వోల్టుల పల్స్‌లు ఉంటాయి.

తెర వెలిగింది.. కానీ మధ్యలో ఒకే ఒక్క తెల్లటి అడ్డగీత! కాకా వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించారు. వెలుగంతా ఒకే గీతలో పడితే అక్కడి పూత కాలి శాశ్వతంగా మచ్చ పడుతుంది. అడ్డంగా గీస్తోంది కానీ కిందికి దిగట్లేదు అంటే తప్పు వర్టికల్ విభాగానిది. అంటే పీసీఎల్ 805 చుట్టుపక్కల. ఆ వాల్వుకి బూస్ట్ నుంచి వోల్టేజీ తెచ్చే 1 మెగా ఓమ్ రెసిస్టర్ పూర్తిగా తెగిపోయింది. పాత కార్బన్ రెసిస్టర్లు వయసుతో పాటు విలువ పెరుగుతూ పోయి చివరికి ఇలా చేతులెత్తేస్తాయి. దాన్ని మార్చగానే గీత విచ్చుకుని తెరంతా పరుచుకుంది.

ఎర్రర్ మెసేజ్ లేదు, లాగ్ ఫైల్ లేదు. అయినా ఆ టీవీ ఎక్కడ నొప్పో ప్రతిసారీ చెబుతూనే ఉంది. నల్ల తెరకి ఒక అర్థం, ఒంటి గీతకి ఇంకో అర్థం. బొమ్మ పైకి దొర్లుతుంటే ఒకటి, అడుగున ముడుచుకుపోతే వేరొకటి. ఆ భాష తెలిసినవాళ్లు కావాలి, అంతే.

సిగ్నల్ ఎక్కడిది?

టీవీ బాగైంది సరే, చూడటానికి ఏముంది? అనలాగ్ టవర్లను దూరదర్శన్ ఇటీవలి ఏళ్లలో దాదాపు అన్నీ మూసేసింది. యాంటెన్నా పెట్టినా వచ్చేది చుక్కలే. కాబట్టి మన స్టేషన్ మనమే పెట్టుకోవాలి. స్టిక్‌లోంచి వచ్చే హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే కన్వర్టర్ ఒకటి, దాన్ని ఛానల్‌గా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటర్ ఒకటి చాలు. కొనేటప్పుడు మూడు చూసుకోండి. కన్వర్టర్‌ని 'పాల్' పద్ధతిలో పెట్టాలి. మాడ్యులేటర్ వీహెచ్ఎఫ్‌లో పని చేయాలి, యూహెచ్ఎఫ్ మాత్రమే ఇచ్చేదైతే ఇలాంటి సెట్ అందుకోదు. సౌండ్ 5.5 మెగాహెర్ట్జ్‌లో ఉండాలి. అమెరికా రకంలో అది 4.5. బొమ్మ వచ్చినా మాట రాదు. పాత టీవీకి ఉండేది 300 ఓమ్‌ల రిబ్బన్ వైరు, ఇప్పటి కేబుల్ 75 ఓమ్‌లు. మధ్యలో చిన్న బాలన్ పెడితే రెండూ కలుస్తాయి.

వెలుగు పెంచాలా, ఉన్నది కాపాడాలా?

బొమ్మ వచ్చింది. కానీ మసక. పూర్తిగా తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది. కాంట్రాస్ట్ పెంచితే తెల్లని చోట్ల వెండి రంగు మెరుపు. గన్‌లో ఎలక్ట్రాన్లిచ్చే పూత అరిగిపోయిందనడానికి గుర్తులివే.

దీనికి ఒక వైద్యం ఉంది. హీటర్‌కి మామూలు కన్నా ఎక్కువ వోల్టేజీ ఇచ్చి, గన్ లోంచి బలవంతంగా కరెంటు లాగి క్యాథోడ్ పైపొరని గీకేయడం. రెజువనేటర్ అనే పెట్టెతో చేస్తారు. కుదిరితే కొన్నాళ్లు తళతళలాడుతుంది. కుదరకపోతే ట్యూబు అక్కడికక్కడే పోతుంది. కొత్తది కొందామంటే ఈ ట్యూబులు తయారు చేసేవాళ్లు లేరు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పాత ట్యూబులకి కొత్త గన్ అమర్చే హాక్ ఐ అనే సంస్థ కూడా 2010లో మూతపడింది. ఆ యంత్రాలను ఒహాయోలోని తొలితరం టీవీల మ్యూజియం తీసుకుంది. అక్కడే అంత కష్టమైతే ఇక మన సంగతి చెప్పాలా?

కాకా దగ్గర రెజువనేటర్ ఉంది. చేద్దామా అని అడిగితే నిర్ణయం నాయనమ్మకే వదిలేశారు. ఆవిడ తెర వైపు కాసేపు చూసి, లేచి వెళ్లి కిటికీ పరదాలు వేసింది. "ఇప్పుడు కనవడ్తుంది కదా. ఇంకెందుకు దాన్ని సతాయిస్తరు?"

మేము ఆ పని చేయలేదు. వారానికి ఒక గంట, చీకట్లో, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూస్తున్నాం. ఆ గన్‌లో మిగిలిన పూత అలా చూస్తే ఎక్కువ కాలం వస్తుంది. పాత వస్తువును బాగుచేయడమంటే కొత్తదిలా చేయడం కాదని నాకు అర్థమైంది. దొరకని భాగాన్ని కాపాడటానికి దొరికే భాగాల్ని మార్చడం. కండెన్సర్లు మార్చాం, రెసిస్టర్ మార్చాం. ట్యూబుని ముట్టుకోలేదు.

మీ ఇంట్లో ఉంటే..

ప్లగ్ పెట్టి చూడొద్దు. పాత సామాన్లకి ఇచ్చేముందు వెనక అట్ట లోపల సర్క్యూట్ కాగితం ఉందేమో చూసి ఫొటో తీయండి. వాల్వులు ఊడదీయకుండానే వాటి నంబర్లు రాసుకోండి. పిక్చర్ ట్యూబ్ మెడ మీద ఏదీ ఆనకుండా చూడండి. ఆ తర్వాత మీ వీధిలోనో, మీ అమ్మానాన్నల ఊళ్లోనో ఒకప్పుడు టీవీలు బాగుచేసిన పెద్దాయన ఎవరున్నారో కనుక్కోండి. విడిభాగాలు ఎర్రగడ్డ సండే మార్కెట్లోనో, ఆన్‌లైన్లోనో ఎప్పటికైనా దొరకొచ్చు. ఈల వినగానే తప్పెక్కడుందో చెప్పే చెవి మాత్రం అక్కడ అమ్మరు. మా కాకా షాపు సామాను వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. ఆయన చెబుతున్న వోల్టేజీలు, గుర్తులు, మందులు అన్నీ నేను ఓ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నా. ఇప్పటికి 112 వరసలయ్యాయి. ఇంకా సగం కూడా కాలేదట.